మాటను కదలికగా కొలవడం

మాట్లాడేటప్పుడు నోటిలో, గొంతులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఊపిరితిత్తుల నుంచి పైకి వచ్చే గాలికి స్వరపేటికలోని తంత్రులు కంపించి నాదం పుడుతుంది. పెదవులు, నాలుక, దవడ, మృదుతాలువు కదిలి ఆ నాదాన్ని అక్షరాలుగా మలుస్తాయి. మొదటి పని ఆగిపోయినా రెండోది ఆగదు. గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన మనిషి మెడ కింద చేసిన రంధ్రం గుండా ఊపిరి తీసుకుంటాడు. నోటికి గాలి అందదు కాబట్టి మాట వినపడదు. కానీ అతను "అన్నం పెట్టు" అనబోతే పెదవులు, నాలుక ఎప్పటిలాగే ఆడతాయి. చెప్పదలచిన మాటలో చాలా భాగం ఆ చప్పుడు లేని కదలికలోనే ఉంటుంది. ఆ కదలికను అంకెలుగా రాసుకోగలిగితే వాటి నుంచి మళ్ళీ ధ్వనిని తయారుచేయవచ్చు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం, దానికి ఈశాన్యాన ఉన్న హల్ విశ్వవిద్యాలయం కలిసి ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నం ఇదే.

కదలికను కొలవడానికి అయస్కాంతమే ఎందుకు? నాలుక పళ్ళ వెనక దాగి ఉండటమే అసలు ఇబ్బంది. కెమెరాకు పెదవులు, మహా అయితే నాలుక కొస కనిపిస్తాయి. ఎక్స్‌రేలో అంతా కనిపిస్తుంది కానీ గంటల కొద్దీ మాట్లాడిస్తూ ఎవరి మీదా ఆ కిరణాలు వేయలేరు. ధ్వనిశాస్త్రవేత్తలు పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు కలిసి హిందీ, తమిళ, తెలుగు మాటల్లోని మూర్ధన్యాలను పోల్చి 1983లో ప్రచురించిన పరిశీలనకు ఎక్స్‌రే చిత్రాలే ఆధారం. తెలుగు, తమిళాల్లో ట, డ పలికేటప్పుడు నాలుక కొస వెనక్కి మడతపడి దాని అడుగుభాగం అంగిలిని తాకుతుందని, హిందీలో అంత మడత ఉండదని ఆ చిత్రాల్లో తేలింది. ఎక్స్‌రేతో కొద్ది మాటలకే సాధ్యమైన పరిశీలన అది. అల్ట్రాసౌండ్‌లో నాలుక వీపు బాగా కనిపించినా కొస తరచు నీడలో పడిపోతుంది. ఎమ్మారై గొట్టంలో వెల్లకిలా పడుకుని, ఆ రొదలో మాట్లాడాలి. అయస్కాంత క్షేత్రానికి ఈ బాధలు లేవు. బుగ్గ, పన్ను, ఎముక ఏవీ దానికి అడ్డు కావు. నోరు మూసి ఉన్నా లోపల ఏం కదిలిందో బయటి సెన్సర్‌కు తెలుస్తుంది.

ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. వాటి తేడా తెలియకపోతే మిగతాదంతా గందరగోళంగా ఉంటుంది.

మొదటిది తీగచుట్టల పద్ధతి. 1980లలో జర్మనీలోని గోటింగెన్‌లో రూపు దిద్దుకుంది. తల చుట్టూ ఉన్న పెద్ద కాయిల్స్‌లో ఒక్కొక్క దానిలో ఒక్కో పౌనఃపున్యంతో విద్యుత్తు అటూ ఇటూ పారుతుంది. నాలుక మీద, పెదవుల మీద అంటించిన బియ్యపు గింజంత చిన్న కాయిల్స్‌లో దానివల్ల స్వల్ప వోల్టేజి పుడుతుంది. ఏ పౌనఃపున్యంలో ఎంత వోల్టేజి వచ్చిందో చూసి, ఆ చిన్న కాయిల్ ఏ పెద్ద కాయిల్‌కు ఎంత దూరంలో, ఏ వాలులో ఉందో లెక్కగడతారు. ఫలితం మిల్లీమీటర్లలో వస్తుంది: నాలుక కొస ఈ క్షణాన ఇంత ముందుకు, ఇంత పైకి అని. సెకనుకు వందల సార్లు ఈ కొలత అందుతుంది. ఎడింబరోలో 1999లో అలన్ రెంచ్ ఈ పద్ధతిలోనే 460 వాక్యాలు చదివించి తయారుచేసిన మోచా-టిమిట్ సంకలనాన్ని వాక్‌శాస్త్ర పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. ఈ పద్ధతిలోని చిక్కల్లా ప్రతి చిన్న కాయిల్ నుంచి సన్నని తీగ నోటి మూల గుండా బయటికి రావడం. యంత్రం గదిలో కదలకుండా ఉంటుంది. మనిషే దాని దగ్గరికి వెళ్ళాలి.

రెండోది శాశ్వత అయస్కాంతాల పద్ధతి. షెఫీల్డ్, హల్ ఎంచుకున్నది దీన్నే. ఇక్కడ నోట్లో తీగలు ఉండవు. చిన్న చిన్న అయస్కాంతాలు మాత్రం ఉంటాయి. అవి కదిలినప్పుడు నోటి చుట్టూ ఉన్న క్షేత్రం మారుతుంది. హెడ్‌సెట్ మీది సెన్సర్లు ఆ మార్పును చదువుతాయి. అయితే ప్రతి సెన్సర్‌కు అందేది అన్ని అయస్కాంతాల ప్రభావం కలిసిన మొత్తం. అందులో నాలుక వాటా ఎంత, కింది పెదవి వాటా ఎంత అన్నది విడిగా తెలియదు. మిల్లీమీటర్లు కావలసిన భాషాశాస్త్రవేత్తకు ఇది పెద్ద లోపం. మాట కావలసిన రోగికి లోపమే కాదు, ఎందుకంటే ఏ మాటకు క్షేత్రం ఏ తీరుగా మారుతుందో యంత్రం నేర్చుకుంటే చాలు, నాలుక ఎక్కడుందో అది చెప్పనక్కర్లేదు. ఒక ఉపకరణం గొప్పదా కాదా అన్నది దానితో ఎవరికి ఏం పని ఉందో చూడకుండా తేల్చలేరనడానికి ఈ రెండు పద్ధతులూ మంచి ఉదాహరణ.

ఉక్కుకు పేరు పడిన షెఫీల్డ్‌లో ఒకప్పుడు అయస్కాంతాల తయారీ కూడా పెద్ద పరిశ్రమ. జేమ్స్ నీల్ సంస్థ 'ఎక్లిప్స్' పేరుతో అమ్మిన గుర్రపునాడా అయస్కాంతాలు బ్రిటన్ బడుల్లో బాగా పరిచయం. నాలుక మీద పెట్టదగిన అయస్కాంతం మాత్రం ఆ పాత మిశ్రమాలతో సాధ్యమయ్యేది కాదు. 1980ల మొదట్లో జపాన్, అమెరికాల్లో విడివిడిగా కనిపెట్టిన నియోడిమియం మిశ్రమం వచ్చాక మిల్లీమీటరు మందం ముక్క కూడా పనికొచ్చేంత బలంగా తయారైంది.

ఈ పనిలో హల్ వైపు మైకేల్ ఫేగన్, జేమ్స్ గిల్బర్ట్ వంటి ఇంజనీర్లు, చెవి-ముక్కు-గొంతు శస్త్రవైద్యుడు స్టీఫెన్ ఎల్ ఉన్నారు. షెఫీల్డ్ వైపు కంప్యూటర్ సైన్స్ విభాగంలోని ఫిల్ గ్రీన్, రోజర్ మూర్, తర్వాత హోసె గొంజాలెజ్ ఉన్నారు. హెడ్‌సెట్, అయస్కాంతాల సంగతి హల్ చూసుకుంది. వచ్చిన అంకెల్ని మాటగా మార్చే లెక్కలు షెఫీల్డ్ చూసుకుంది. 2008లో వచ్చిన తొలి వ్యాసంలో పరికరం ఒక కళ్ళజోడు. దానికి ఆరు సెన్సర్లు బిగించారు. ఒకే ఒక్క స్వచ్ఛంద సేవకుడి పెదవులకు, పళ్ళకు, నాలుకకు అయస్కాంతాలు పెట్టి, ముందే నేర్పిన కొద్ది మాటల్ని శబ్దం లేకుండా అనిపించారు. యంత్రం మాటల్లో 97 శాతం, విడి ధ్వనుల్లో 94 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. ఒకే మాటను ఒకసారి త్వరగా, ఒకసారి నెమ్మదిగా అన్నా పోల్చగలిగేలా కాలాన్ని సాగదీసి, కుదించి సరిపెట్టే పాత గణన పద్ధతినే అందులో వాడారు. 2010 నాటికి 57 మాటల పట్టికలో 90 శాతానికి పైగా గుర్తింపు సాధించారు.

తర్వాతి హెడ్‌సెట్ అమరికలో ఆరు అయస్కాంతాలు ఉన్నాయి: పెదవుల మీద నాలుగు, నాలుక కొస దగ్గర ఒకటి, దాని వెనక నాలుక నడుమ ఒకటి. పెదవుల మీదివి మిల్లీమీటరు వ్యాసం, ఐదు మిల్లీమీటర్ల పొడవు ఉన్న సన్నని కడ్డీలు. నాలుక మీదివి కొంచెం పెద్దవి. దీనికి కారణం దూరమే. చిన్న అయస్కాంతం బలం దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. సెన్సర్లకు దగ్గరగా ఉన్న పెదవికి సరిపోయిన ముక్క నోటి లోపలి నాలుకకు చాలదు. సెన్సర్లు నాలుగు. ఒక్కొక్కటి క్షేత్రాన్ని మూడు దిశల్లో కొలుస్తుంది. మూడు సెన్సర్లు నోటి దగ్గర ఉంటాయి. నాలుగోది నోటికి దూరంగా ఉండి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని మాత్రమే చూస్తుంది.

ఆ నాలుగో సెన్సర్ లేకపోతే మిగతా మూడూ దండగే. భూమి క్షేత్రం చోటును బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది. తల కొంచెం తిప్పితే చాలు, సెన్సర్ మీద దాని వాటా మారిపోతుంది. మనిషి తల ఊపితే యంత్రం దాన్ని మాట అనుకుంటుంది. మాట్లాడుతూ తల ఊపని మనిషి ఎక్కడున్నాడు? షెఫీల్డ్‌లో భూమి క్షేత్రం బాగా ఏటవాలుగా నేలలోకి దిగుతుంది, హైదరాబాద్‌లో చాలావరకు అడ్డంగా పోతుంది. అందువల్ల ఒకచోట చేసిన సర్దుబాటు మరోచోట అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు. నాలుగో సెన్సర్ చదివిన దాన్ని మిగతా మూడింటి నుంచి తీసివేస్తే నోటి కదలిక మిగులుతుంది. మూడు సెన్సర్లు, మూడు దిశలు, సెకనుకు వంద సార్లు. అంటే సెకనుకు 900 అంకెలు. వాటి మీదే తర్వాతి పని అంతా ఆధారపడుతుంది.

కొలతకు కూర్చోబెట్టే ముందు అడగవలసినవి అడగాలి. గుండెకు పేస్‌మేకర్ ఉందా, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, ఒంట్లో మరేదైనా విద్యుత్ పరికరం అమర్చారా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఆ మనిషిని వదిలేయాలి. ఆ తర్వాత ఒంటి మీది లోహం సంగతి. బంగారాన్ని అయస్కాంతం లాగదు కాబట్టి పుస్తెలతాడు, ముక్కుపుడక ఉన్నా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. శాశ్వత అయస్కాంతాల పద్ధతిలో ఆ మాట నిజమే. తీగచుట్టల పద్ధతిలో మాత్రం మారుతూ ఉండే క్షేత్రం బంగారంలోనూ సుడి ప్రవాహాలు పుట్టించి కొలతను చెడగొట్టగలదు, అందుకే ముఖం, మెడ దగ్గరివన్నీ తీసి పక్కన పెట్టడం మేలు. పిన్నీసులు, జడపిన్నులు, చేతిగడియారం రెండు పద్ధతులకూ పనికిరావు. ఫోన్ స్పీకర్‌లో కూడా అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది గదిలో దూరంగా ఉండాలి. కుర్చీ చెక్కది అయితే మంచిది.

అంటించడం ఓపిక కావలసిన పని. నాలుక సరిగ్గా కొసన ఏమీ పెట్టకూడదు. పెడితే త, ద, స పలకడమే చెడుతుంది. కొస నుంచి ఒక సెంటీమీటరు వెనక పెట్టడం మామూలు. నాలుకను గాజుగుడ్డతో తుడిచి, పొడిగా ఆరనిచ్చి, వైద్యంలో వాడే అనుమతి ఉన్న జిగురుతో అంటించి, పట్టు కుదిరేదాకా నొక్కి ఉంచాలి. నాలుక ఊరికే ఉండదు, లాలాజలం ఆగదు. మొదటి ప్రయత్నంలోనే నిలవకపోతే ఆశ్చర్యం లేదు. అయస్కాంతాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఒకటి ఊడి గొంతులోకి పోతే బయటపడవచ్చు కానీ, రెండు పోతే పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదాన్ని ఒకటి లాక్కుని నడుమ ఉన్న పేగుగోడను నలిపి చిల్లు పెట్టగలవు. అందుకే ఎన్ని పెట్టారో రాసుకుని, తీశాక మళ్ళీ లెక్క చూడాలి. ఒక్కటి తగ్గినా అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ముక్కల్ని ఉంచకూడదు.

అంటించగానే రికార్డింగ్ మొదలుపెట్టడం తొందరపాటు. నోట్లో కొత్త వస్తువు ఉంటే మొదట కొంతసేపు మాట తడబడుతుంది, సకారం ముద్దగా వస్తుంది. కొన్ని నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడిస్తే నాలుక సర్దుకుంటుంది. ఆ తర్వాత మాటను, సెన్సర్ల అంకెలను ఒకే గడియారానికి కట్టి ఒకేసారి రికార్డు చేయాలి. శబ్దానికి, కదలికకు మధ్య కొద్దిపాటి జారుడు ఉన్నా యంత్రం తప్పుడు జతలు నేర్చుకుంటుంది. చదివించే వాక్యాల్లో ఒకదాన్ని మొదట, నడుమ, చివర మళ్ళీ మళ్ళీ చదివించడం మంచి అలవాటు. ఆ మూడింటి అంకెలు పోలకపోతే అయస్కాంతం జరిగిందనో, హెడ్‌సెట్ జారిందనో తెలిసిపోతుంది. రోజు మారితే అయస్కాంతం మళ్ళీ అదే చోట పడదు కాబట్టి నిన్న నేర్చిన లెక్క ఇవాళ యథాతథంగా పనికిరాదు. జిగురు బదులు శస్త్రచికిత్సతో కణజాలంలోనే అమర్చాలన్న ఆలోచన దీని నుంచే వచ్చింది. అలా అమర్చిన మనిషికి తర్వాత ఎమ్మారై తీయడం కష్టమవుతుంది. క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటానికి స్కాన్లు అవసరమయ్యే రోగుల విషయంలో ఇది చిన్న అడ్డంకి కాదు.

అంకెల నుంచి మాటకు వెళ్ళడానికి రెండు దారులు. ఒకటి, కదలికను మొదట అక్షరాల్లోకి మార్చి, ఆ అక్షరాల్ని కంప్యూటర్ గొంతుతో చదివించడం. దీనిలో పట్టికలో లేని మాట అంటే యంత్రం తెల్లమొహం వేస్తుంది. పైగా మాట పూర్తయ్యేదాకా ఆగాలి. రెండోది, అక్షరాలతో పనిలేకుండా కదలిక అంకెల్ని నేరుగా ధ్వని అంకెలుగా మార్చడం. మొదట్లో మాటల్ని గుర్తుపట్టించిన షెఫీల్డ్ బృందం తర్వాత రెండో దారి పట్టింది. 2017లో ప్రచురించిన వ్యాసంలో మూడు రకాల యంత్రాభ్యాస పద్ధతులను పోల్చారు. పాత నవలల నుంచి ఏరిన సీఎమ్‌యూ ఆర్కిటిక్ వాక్యాలను, స్వరపేటిక సవ్యంగా ఉన్నవాళ్ళతో, జిగురుతో అంటించిన అయస్కాంతాలతో చదివించారు. ముందు వెనకలు రెండూ చూసే పునరావృత నాడీజాలం అన్నిటికంటే బాగా పనిచేసింది.

ముందు వెనకలు చూడటం ఎందుకు అవసరమో తెలుగు మాటల్లోనే తెలుస్తుంది. "పులి" అనేటప్పుడు పకారం దగ్గరే పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి. "పిలుపు" అనేటప్పుడు మొదటి పకారానికి పెదవులు పక్కలకు సాగుతాయి. వచ్చే అచ్చు ముందే హల్లులోకి చొరబడుతుంది. రాబోయేది చూడకుండా ప్రస్తుతాన్ని మాత్రమే చూసే యంత్రం ఇక్కడ తడబడుతుంది. అయితే వాక్యం చివరిదాకా చూడాలంటే వాక్యం పూర్తయ్యేదాకా మౌనంగా ఉండాలి. తన మాట తనకే ఆలస్యంగా వినపడితే చాలామంది తడబడతారు. కొద్దిపాటి భవిష్యత్తునే చూసి ఆగే మరో రకం జాలం దాదాపు అదే ఫలితాన్ని ఇచ్చింది. దాంతో అప్పటికప్పుడు మాట్లాడించడం సాధ్యమని తేలింది. విన్నవాళ్ళు మాటల్ని గుర్తుపట్టిన తీరు అత్యధికంగా 92 శాతం దాకా వెళ్ళింది. మాట్లాడిన మనిషి ఎవరో ఆ గొంతులో పోల్చుకోగలిగారు కూడా. ఈ 92 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. అది సగటు కాదు, గరిష్ఠం. స్వరపేటిక ఉన్నవాళ్ళ మీద, ప్రయోగశాలలో వచ్చిన ఫలితం. రోగి ఇంట్లో, పొయ్యి మీద కుక్కర్ కూస్తుండగా వచ్చేది కాదు.

అయస్కాంతాలకు అందనివి కొన్ని ఉన్నాయి. ప, బ రెండింటికీ పెదవుల పని ఒకటే. తేడా స్వరతంత్రులు కంపించాయా లేదా అన్నదే, అక్కడ అయస్కాంతం లేదు. బ, మ మధ్య తేడా మృదుతాలువు దిగడంలో ఉంది, అక్కడా లేదు. క, గ నాలుక వెనక భాగంతో పుడతాయి, అది అయస్కాంతాలకు దూరం. అందువల్ల పాట, బాట, మాట మూడూ సెన్సర్లకు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లీషు వాక్యాల్లో ఇలాంటి చోట్ల వినేవాళ్ళే సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటారు. తెలుగుకు ఈ పద్ధతిని అన్వయిస్తే మరో కష్టం, కొన్ని సుళువులు కనిపిస్తాయి. ఒత్తక్షరాల ఊపిరి గొంతుదే కాబట్టి అది పోతుంది, వాడుక మాటల్లో దానివల్ల నష్టం తక్కువే. త-ట, ల-ళ తేడా నాలుక కొస మడతలో ఉంది. మడతపడితే అయస్కాంతం దిశ తిరుగుతుంది, మూడు దిశల్లో కొలిచే సెన్సర్‌కు అది గట్టి గుర్తు. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు కాలానికి సంబంధించినవి కాబట్టి కదలికలోనే నమోదవుతాయి. గొంతు లేనప్పుడు స్వరస్థాయి ఎంత ఉండాలన్నది అంచనాగా మాత్రమే వేయగలరు, కాబట్టి తయారైన మాట కాస్త చదునుగా వస్తుంది. అయినా "వస్తావు", "వస్తావా" మధ్య తేడాను తెలుగులో రాగం మోయనక్కర్లేదు, చివరి దీర్ఘమే మోస్తుంది.

స్వరపేటిక తీసివేతకు తేదీ పడిన మనిషికి ఇదంతా ఏ పనికొస్తుంది? పరిశోధనశాలలో పుట్టిన ఈ హెడ్‌సెట్ కోసం ఎదురుచూస్తూ ఉన్న దారుల్ని వదులుకోకూడదు. శ్వాసనాళానికి, అన్నవాహికకు మధ్య అమర్చే వాల్వు, మెడకు ఆనించి వాడే ఎలక్ట్రోలారింక్స్, గాలి మింగి త్రేన్పుతో మాట్లాడే అన్నవాహిక వాక్కు, ఈ మూడింటి గురించి ఆపరేషన్‌కు ముందే వాక్‌చికిత్సకులను అడిగి తెలుసుకోవాలి. వాల్వు కొన్ని నెలలకోసారి మార్చవలసి వస్తుంది, అందరికీ సరిపడదు కూడా. దీనితో పాటు చేయదగిన పని, ఖర్చు లేని పని, సొంత గొంతును ముందే రికార్డు చేసి దాచుకోవడం. షెఫీల్డ్‌లోనే సారా క్రీర్, స్టూవర్ట్ కన్నింగ్‌హామ్, ఫిల్ గ్రీన్ తదితరులు మాట కోల్పోతున్నవాళ్ళ కోసం వాళ్ళ సొంత గొంతుతో కృత్రిమ వాక్కును తయారుచేసే పని చేశారు. అక్కడి ప్రయోగాల్లో ఒక్కొక్కరి నుంచి తీసుకున్నది కొద్దిపాటి మాట మాత్రమే.

అలా గొంతును దాచుకునేటప్పుడు నిశ్శబ్దమైన గదిలో, ఫ్యాన్ ఆపి, మైకును నోటికి ఒకే దూరంలో ఉంచి, మామూలుగా మాట్లాడే తీరులో వాక్యాలు చదవాలి. నాటకీయంగా చదివిన పద్యం కంటే ఇంట్లో రోజూ అనే మాటలు ఎక్కువ పనికొస్తాయి. చదివిన వాక్యాల పాఠాన్ని కూడా వరుస తప్పకుండా దాచాలి. ఫోన్‌లో పంపుకునే వాయిస్ మెసేజ్‌లా కుదించిన ఫైలు కాకుండా, కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా రెండు చోట్ల భద్రపరచాలి. గొంతు ఇప్పటికే బొంగురుపోయి ఉంటే, అంతకు ముందు పెళ్ళిళ్ళలో, ఇంటి వేడుకల్లో తీసిన వీడియోల్లో మాట శుభ్రంగా ఉన్న భాగాలను ఏరి పెట్టుకోవచ్చు.

ఆపరేషన్ అయిపోయి, పాత రికార్డు ఏదీ లేని వాళ్ళ విషయంలో యంత్రానికి జతలు దొరకవు. కదలిక ఉంటుంది, దానికి సరిపడే శబ్దం ఉండదు. దీనికి ఒక ఉపాయం ఉంది. వయసు, యాస, మాట వేగం దగ్గరగా ఉన్న మరో మనిషి, తమ్ముడో అక్కో కొడుకో, వాక్యాలు చదివి రికార్డు చేస్తారు. రోగి హెడ్‌ఫోన్‌లో ఆ గొంతు వింటూ, దానితో పాటే పెదవులు కదుపుతూ అదే వాక్యాలు అంటాడు. రెండూ పూర్తిగా ఒకే తాళంలో పడవు కాబట్టి ముందు చెప్పిన సాగదీత పద్ధతితో కాలాన్ని సరిచేయాలి. వాక్యాలు పొట్టిగా ఉంటే ఆ పని తేలిక.